ఎడమకు ఒరిగిన వాన

ఆ ఏడు వానలు ముదిరేసరికి మా అత్తయ్య ఫుమియెకి మా ఆలుమగలిద్దరి మీదా విసుగు ముదిరింది.

"పొద్దుటి నుంచి వాడు ఆ సోలని ఒకటే బాదుడు. అది నేను చేసిన సోల. ఏం పాపం చేసిందని?" అంది మెట్ల కింద నిలబడి.

"బాదడం లేదత్తయ్యా. ఒక్కసారే కొట్టాం, అదీ మార్చిలో. ఇప్పుడు మీకు వినిపిస్తున్నదంతా ఆ ఒక్క దెబ్బే."

"మార్చిలో కొట్టింది జూన్‌లో మోగుతోందా? మీ చదువులకో దణ్ణం తల్లీ," అంటూ రంపం దగ్గరికి వెళ్ళిపోయింది.

ఓగాకి ఊళ్ళో మా ఇల్లు అంటే కింద కార్ఖానా, పైన మేము. కింద అత్తయ్యా, ఇద్దరు పనివాళ్ళూ హినోకి చెక్కతో నలుచదరపు సోలలు చేస్తారు. ఒకప్పుడు వాటితో బియ్యం కొలిచేవారు, ఇప్పుడు పెళ్ళిళ్ళలో సాకె పోసుకుని తాగుతున్నారు. పైన నా భర్త రెన్‌జీ కంప్యూటర్ మీద సంగీతం కడతాడు. అతనికి కావలసిన ప్రోగ్రాము నేను రాస్తాను. కాలేజీలో మొదలైన జోడీ ఇది. పెళ్ళి మధ్యలో వచ్చింది.

మా పద్ధతి అత్తయ్యకి చాలాసార్లు చెప్పి చూశాను. ఒక శబ్దాన్ని తీసుకుని రెప్పపాటు కన్నా చిన్న ముక్కలుగా తరుగుతాం. ఆ ముక్కని మేము రవ్వ అంటాం. ప్రతి రవ్వా మెల్లగా లేచి మెల్లగా అణగాలి, లేకపోతే టిక్కుమని చెవిలో గుచ్చుకుంటుంది. అలాంటి రవ్వల్ని వేలకు వేలు ఒకదాని మీద ఒకటి చల్లితే చెక్క మీది దెబ్బ కాస్తా వానవుతుంది, ఇంకాస్త చిక్కగా చల్లితే సంతలో జనం గోలవుతుంది. ఏ రవ్వ ఎప్పుడు పడాలో, ఏ స్పీకర్లోంచి పడాలో ప్రోగ్రాము పాచికలు వేసి తేలుస్తుంది. ఆ పాచికల భాగం నాది. వాన ఎలా మొదలవ్వాలి, ఎక్కడ ఉధృతం కావాలి, ఎప్పుడు వెలవాలి అన్నది రెన్‌జీది.

జులైలో నగోయాలో కచేరీ. ఎనిమిది స్పీకర్ల మధ్య జనాన్ని కూర్చోబెట్టి అతని రచన వినిపించాలి. అతన్ని ఎవరైనా పిలిచి ఓ రచన అడిగి ఎంతకాలమైందో మేమిద్దరం పైకి అనుకునేవాళ్ళం కాదు. ఆ పిలుపు వచ్చిన రోజున రెన్‌జీ కిందికి వెళ్ళి వాళ్ళమ్మకి చెక్క మోసిపెట్టాడు, ఎందుకో అడిగితే చెప్పలేదు.

పై గదిలో స్పీకర్లు గుండ్రంగా పేర్చుకుని నడుమ ఒక కుర్చీ వేసుకున్నాం. ఒకరోజు అతను టీ పెట్టుకోవడానికి దిగినప్పుడు నేను ఆ కుర్చీలో కూర్చుని విన్నాను. వాన బాగుంది. కానీ ఎడమకు ఒరిగి ఉంది. గాలికి ఏటవాలుగా పడే జల్లులా అంతా ఒక పక్కకే వస్తోంది.

"రెన్‌జీ, ఎడమ పక్క ఎక్కువ పడటం లేదూ?"

"లేదే," అన్నాడు టీ గ్లాసుతో వచ్చి. నన్ను లేపి తను కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. "నడిమధ్యన ఉంది. ఈ ముసురుకి నీ చెవులు చెమ్మెక్కాయి."

నమ్మేశాను. మా ఇంట్లో చెవి అతనిది, లెక్క నాది. అతని చెవికీ నా లెక్కకీ పేచీ వస్తే లెక్కదే తప్పని అలవాటు పడ్డాను. అందుకని పాచికలు విప్పుకుని కూర్చున్నాను. లక్ష సార్లు వేయించి చూశాను. అటెంతో ఇటూ అంతే పడ్డాయి. తప్పు దొరకలేదు, అయినా వాన మాత్రం ఎడమకే పడుతోంది. చివరికి విసిగిపోయి కుడివైపుకి కాస్త మొగ్గు ఉండేలా ఓ దిద్దుబాటు పెట్టాను. ఆ సాయంత్రం విన్నప్పుడు తిన్నగా ఉంది. హమ్మయ్య అనుకున్నాను.

మర్నాటికి మళ్ళీ ఒరిగింది, నిన్నటి కన్నా ఎక్కువ. ఇంకాస్త దిద్దాను. ఆ మర్నాడు ఇంకా ఒరిగింది. ప్రోగ్రాములో దెయ్యం దూరిందని నాలో నేనే తిట్టుకున్నాను. కచేరీ దగ్గరపడ్డాక ఒకరి పనిలో ఒకరం వేలు పెట్టకూడదన్నది మా ఇద్దరి మధ్యా ఏనాటి నుంచో ఉన్న ఒప్పందం. కాబట్టి నేను దిద్దుతున్నట్టు అతనికి చెప్పలేదు. పొద్దున్నే వచ్చి చూస్తే వాన కుడికి జారిపోయి కనిపిస్తోందనీ, దాన్ని తన మీటతో ఎడమకు లాక్కుంటున్నాననీ అతనూ నాకు చెప్పలేదు. ఒకే దుప్పటిని చెరో పక్కనుంచీ లాక్కుంటున్నట్టు రోజులు గడిచిపోయాయి. ఆ రోజుల విలువ అప్పుడు నాకు తెలీదు.

తెలిసింది ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర. మంచు నీళ్ళలో వేసిన సేమ్యా ముందు పెట్టుకుని ముగ్గురం కూర్చున్నాం. అత్తయ్య రెన్‌జీకి ఎడమ పక్కన ఉంది.

"ఒరే, ఆ అల్లం ఇలా తే."

అతను సేమ్యా జుర్రుకుంటున్నాడు.

"అల్లంరా. ఒరేయ్. గోడకి చెబుతున్నానా?"

అతను నా మొహం చూసి, నేను చూస్తున్న వైపు చూసి, అప్పుడు తల తిప్పాడు. "ఏంటమ్మా?"

"ఏమీ లేదు నాయనా. పెళ్ళయ్యాక తల్లి మాట చెవికి ఎక్కదని ఊరికే అన్నారా!"

అతను గట్టిగా నవ్వాడు. నవ్వుతూనే గిన్నె చేత్తో పట్టుకుని లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, మేమిద్దరం తనకు కుడివైపున ఉండేలా కూర్చున్నాడు. అంత తేలిగ్గా, అంత అలవాటుగా చేశాడు ఆ పని. నా గుండెల్లో రాయి పడింది.

శబ్దంతో బతికేవాళ్ళందరికీ ఈ భయం తెలుసు. ఏ జబ్బూ లేకుండా, ఏ దెబ్బా తగలకుండా ఒకనాటి ఉదయం నిద్రలేచేసరికి ఒక చెవి మూసుకుపోతుంది. వెంటనే ఆస్పత్రికి పరిగెత్తితే తిరిగి రావచ్చు. వారం దాటితే ఆశ సన్నగిల్లుతుంది, ఆ పైన తలుపు మూసుకుపోయినట్టే. మాతో చదువుకున్న ఫ్లూటు వాయించే అమ్మాయి, ఒప్పుకున్న కచేరీలు ముగించుకుని వెళదామని ఆగింది. ఇప్పుడు పెళ్ళిబట్టల దుకాణంలో పనిచేస్తోంది. అడిగితే చెప్పడు. పొరపాటున నా అనుమానమే తప్పయితే, కచేరీ ముందు మనిషిని బెదరగొట్టినదాన్నవుతాను. తప్పు కాకపోతే ప్రతి పూటా నష్టమే. కాలు కాలిన పిల్లిలా మెట్లెక్కుతూ దిగుతూ గడిపాను.

మర్నాడు ఉదయం హెడ్‌ఫోన్లు అతని చేతిలో పెట్టాను. "ముగింపు కొంచెం మార్చాను, ఒకసారి విను."

అతను తొడుక్కున్నాడు. నేను కుడి పక్కది పూర్తిగా ఆపేసి, ఎడమది మాత్రమే వదిలాను. తెర మీద రవ్వలు చుక్కల్లా లేచాయి. అతను ఆ చుక్కల్నే చూస్తున్నాడు. చుక్కలు చిక్కబడినప్పుడు కనుబొమలు ముడిచాడు. పలచబడినప్పుడు మెల్లగా తల ఊపాడు. చివరి చుక్క ఆరిపోయాక హెడ్‌ఫోన్లు తీశాడు.

"బాగుంది. చివర్లో కాస్త సాగినట్టుంది, అంతే."

హెడ్‌ఫోన్లు అందుకుని నా చెవులకు పెట్టుకుని అదే మళ్ళీ వేశాను. అతను నా మొహం చూస్తూ ఉండిపోయాడు.

"కుడివైపు ఏమీ లేదు, రెన్‌జీ. మోగింది ఎడమవైపే."

"సరే," అన్నాడు.

"ఎప్పటినుంచి?"

"స్నానం చేస్తే నీళ్ళు దూరాయనుకున్నాను. ఓ రోజు చూశాను. తర్వాత లోపల ఫ్రిజ్ నడుస్తున్నట్టు ఒకటే చప్పుడు."

"ఎప్పటినుంచి అని అడుగుతున్నాను."

"నువ్వు ఒరిగింది అన్నావే, ఆ ముందు ఆదివారం."

నా దిద్దుబాట్లన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగాయి. "పద. ఇప్పుడే పద."

"కచేరీ అయ్యాక వెళ్తాను."

"పిచ్చా నీకు? అప్పటికి ఇంకేం మిగలదు."

"వెళ్తే పడుకోబెడతారు షిహో. శబ్దం వినకూడదంటారు. నాకు తెలీదా? ఇది పూర్తి కాలేదు. ఇది గనక చెడగొట్టుకుంటే నన్ను మళ్ళీ పిలిచేవాడెవడు? ఒకటి పోతే ఇంకోటి ఉంది కదా."

"ఇంకోటి ఉందా! ఎనిమిది స్పీకర్లకి రాసేవాడివి, ఒక చెవితో ఏది ఎటునుంచి వస్తోందో ఎలా తెలుస్తుంది? చుక్కలు చూసి రాస్తావా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అతని మొహం మాడిపోయింది. నేనూ ఏడుపు ఆపుకోలేకపోయాను. ఇద్దరం గట్టిగా అరుచుకున్నాం కాబోలు, కింద రంపం ఆగింది. అత్తయ్య ఒంటినిండా చెక్కపొట్టుతో మెట్లెక్కి వచ్చింది. నేను ఏడుస్తూనే చెప్పాను.

"చెవేనా?" అంది. "ఏమైందో అనుకుని హడలిచచ్చాను. ఈ ఇంట్లో నిండు చెవి ఎవరికుంది గనక? రంపం పక్కన బతికేవాళ్ళం. నాకూ సగమే వినపడుతుంది, మీ మావయ్యకి చివరికి అదీ లేదు. సోలలు చెయ్యలేదా ఏం?"

"విన్నావా?" అన్నాడు రెన్‌జీ నాతో.

"అత్తయ్యా, అది వేరు. అరిగి అరిగి పోయిన చెవి కాదిది. దీనికి మందుంది. రోజులు దాటిపోతే ఆ మందు పనిచెయ్యదు."

అత్తయ్య తలగుడ్డ విప్పి చేతిలో నలుపుతూ నిలబడింది. "మందుందా? ఉందని ఎవరూ చెప్పలేదేం?" అంది. తర్వాత కొడుకు కుడివైపుకి వెళ్ళి నేలమీద కూర్చుంది.

"మీ నాన్నకి మందు లేదన్నారు. ముందు ఒకటి పోయిందిరా ఆయనకి. ఒకటే కదా అనుకున్నాం. పిలిస్తే నాలుగు దిక్కులూ వెతుక్కునేవాడు. పక్కనే ఉండి పిలిచినా అంతే, జాతరలో తప్పిపోయిన పిల్లాడిలా చూసేవాడు. నాకు చూడబుద్ధి కాక, ఇక ఎదురుగా వెళ్ళే పిలిచాను, ఆయన పోయేదాకా. ఎక్కడున్నా పని వదిలేసి, చుట్టూ తిరిగి వెళ్ళి, మొహం ముందు నిలబడి. అదేమంత కష్టం కాదు. కానీ ఒక్కనాడూ ఆయన్ని వెనకనుంచి పేరు పెట్టి పిలవలేదు నేను." కాస్త ఆగి, "నీకు మందుండి కూడా నా కోడలి చేత ఆ పని చేయిస్తావా?" అంది.

రెన్‌జీ తల వంచుకున్నాడు.

"లే. చొక్కా మార్చుకో. ఆ చొక్కాతో చూస్తే డాక్టరు నాకు పెంచడం రాలేదనుకుంటాడు."

డాక్టరు మందలించాడు. ఇన్నాళ్ళు ఏం చేశారని అడిగాడు. ఆ పూటే చేర్చుకుని చేతికి సూది గుచ్చి సీసా వేలాడదీశారు. తిరిగి వస్తుందా అంటే, ఆలస్యమైంది, చూద్దాం అన్నాడు. ఆ 'చూద్దాం' అన్నమాట పట్టుకుని ఇంటికీ ఆస్పత్రికీ తిరిగాను. గొడుగు ఆరే వ్యవధి కూడా ఉండేది కాదు.

కచేరీ ముందురోజు అతని కుడిపక్కన కుర్చీ వేసుకుని అడిగాను. "ఎంత ఒరిగిందో చెప్పు. ఎంత వెనక్కి తిప్పాలి?"

"నాకేం తెలుసు?" అన్నాడు కప్పు వైపు చూస్తూ. "నాకది ఇప్పటికీ నడిమధ్యనే వినిపిస్తోంది. నువ్వే చూసుకో. చెవి కూడా నువ్వే అవ్వు ఈసారికి."

నగోయా హాల్లో శబ్దం చూసేది నొనొగాకి గారు. జుట్టు నెరిసిన మనిషి, అతిగా మాట్లాడరు. మొదటి నిమిషం వినగానే చేయెత్తి ఆపించారు.

"అమ్మా, ఒక మాట అడుగుతాను, ఏమనుకోకండి. ఇది కావాలనే ఇలా ఒక పక్కకి వాల్చారా? కావాలని అయితే నేను ముట్టుకోను."

కావాలనే అనెయ్యడం ఎంత తేలిక! రెన్‌జీ పేరు నిలబడుతుంది, ఎవరూ ఇంకో ప్రశ్న అడగరు. నోటిదాకా వచ్చింది కూడా.

"కాదండీ," అన్నాను. "మా ఆయనకి ఎడమ చెవి వినపడటం లేదు. ఆస్పత్రిలో ఉన్నారు."

పరాయి మనిషికి ఆ మాట చెప్పడం అదే మొదలు. నొనొగాకి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మీరు మధ్యలో కూర్చోండి. నేను తిప్పుతాను. సరిగ్గా వచ్చినప్పుడు చెయ్యెత్తండి," అన్నారు.

ముందు నా దిద్దుబాట్లు తీసేశాను. వాన ఒక్కసారిగా ఎడమ గోడకి కొట్టుకుపోయింది. అప్పుడాయన మీట తిప్పడం మొదలెట్టారు. కొద్దిగా తిప్పి నా వైపు చూశారు. నేను చెయ్యెత్తలేదు. ఇంకాస్త తిప్పారు. ఇంకా రాలేదు. ఇక ఇక్కడికి వస్తుంది, ఇక్కడికి వచ్చి తీరాలి అనుకుంటూనే ఉన్నాను, మీట తిరుగుతూనే ఉంది. వాన తిన్నగా నా నడినెత్తి మీద పడేసరికి మీట ఎక్కడికి చేరిందో చూశాను. అతని చెవి ఎంత దూరం పోయిందో డాక్టరు చెప్పనిది నాకు అక్కడ కనిపించింది. చెయ్యెత్తాను గానీ వెంటనే దించుకోలేకపోయాను.

కచేరీ బాగానే జరిగింది. జనం చప్పట్లు కొట్టారు. అత్తయ్య ఉన్నవాటిలో మంచి కిమోనో కట్టుకుని మూడో వరసలో కూర్చుంది. బయటికి వచ్చాక, "నా సోల ఇన్ని వేల దెబ్బలు తింది, ఒక్క అతుకూ ఊడలేదు చూశావా?" అంది. తర్వాత రైల్లో కిటికీ వైపు తిరిగి కళ్ళు ఒత్తుకుంది.

వానలు వెనకపట్టాయి. చెట్ల మీద కీచురాళ్ళ రొద మొదలైంది. రెన్‌జీని ఇంటికి పంపే ముందు చివరిసారి చెవి పరీక్ష చేశారు.

గాజు కిటికీ ఉన్న చిన్న గది అది. లోపల అతను హెడ్‌ఫోన్లు పెట్టుకుని, చేతిలో మీట పట్టుకుని గోడ వైపు కూర్చున్నాడు. శబ్దం వినిపించినప్పుడల్లా బొటనవేలితో నొక్కాలి. బయట బల్ల దగ్గర పరీక్ష చేసే అమ్మాయి. ఆమె వెనక నేను. అతని ఎదురుగా తెర లేదు, చుక్కలు లేవు, చూసి పోల్చుకోవడానికి ఏదీ లేదు.

ముందు కుడి చెవి. బొటనవేలు చకచకా ఆడింది. తర్వాత ఆ అమ్మాయి ఎడమకు మార్చింది. ఒక మీట నొక్కింది. బొటనవేలు కదల్లేదు. పెంచి నొక్కింది. కదల్లేదు. ఇంకా పెంచింది. అతని మెడ మీద నరం బిగుసుకోవడం కనిపిస్తోంది, అంత శ్రద్ధగా వింటున్నాడు. నొక్కు రెన్‌జీ, వినపడకపోయినా సరే ఒక్కసారి నొక్కు అని మనసులో వేడుకున్నాను. అబద్ధమైనా ఫరవాలేదనిపించింది ఆ క్షణాన. అతను నొక్కలేదు. వేలు మీట మీద అలాగే ఆనించి, వినపడని ఒక్కో శబ్దాన్నీ వదిలేస్తూ కూర్చున్నాడు.

చివర్లో ఒకసారి నొక్కాడు. కాసేపాగి మరోసారి నొక్కాడు. ఆ అమ్మాయి తలూపి ఏదో రాసుకుంది.

తలుపు తీసుకుని బయటికి వచ్చాడు. మొహం కడుక్కున్నట్టు తడిగా ఉంది.

"కింది స్థాయివి రెండు వినిపించాయి," అన్నాడు.

"పైవి?"

ఎప్పటిలా నవ్వేస్తాడనుకున్నాను. నవ్వలేదు.

"పైవి వినపడలేదు, షిహో."

వానలన్నాళ్ళూ అతని నోట నేను ఎదురుచూసిన నిజం అదే. వచ్చాక ఏం చెయ్యాలో తోచలేదు. అతని సంచీ అందుకుని, భుజం మార్చుకుని, కుడివైపుకి వచ్చి నడిచాను.